పోగులత్త చదివిన యుద్ధం

ఒక సోమవారం పొద్దున మా కుట్టుపని కొట్టు నుంచి ఒక పెద్దమనిషిగారి ప్యాంటు ఇంటికి వెళ్లింది. నడుము సరిపోయింది. పొడవు సరిపోయింది. ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. కింద మాత్రం కుడికాలి అంచునూ ఎడమకాలి అంచునూ ఒకదానికొకటి కలిపి, పట్టుగా, రెండు వరసల కుట్టు వేసి ఉంది. ఆయన ఆ రోజు ఏదో ముఖ్యమైన సమావేశానికి వెళ్లాల్సి ఉండి, నిలబడే అందులోకి దిగారట. దిగాక ఏమైందో ఆయన ఎవరితోనూ చెప్పలేదు. ఆయన భార్య వచ్చి చెప్పారు. ఆయన వెళ్లి గుద్దుకున్న బీరువాకు మాత్రం ఏమీ కాలేదట.

ఆ కుట్టు వేసింది మా మిషను వదిన. కొట్టు యజమాని పిలిచి అడిగితే దాపరికం లేకుండా ఒప్పుకుంది.

"నిజమే సార్. అప్పుడే రైలు కదిలింది. కెప్టెను కిటికీలోంచి చెయ్యి చాపాడు. ఆ పిల్ల పక్కనే పరిగెడుతోంది. అందుతుందా అందదా అని నా ప్రాణం గిలగిలా కొట్టుకుంటోంది. వాళ్ల చేతులు కలిశాయి, నేనూ కలిపేశాను."

"ఏ రైలమ్మా?" అన్నారు యజమాని. ఆయన నెమ్మదైన మనిషి. మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, అన్నం తినేటప్పుడు కూడా.

మేమంతా పోగులత్త వైపు చూశాం. పోగులత్త సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మేం చూస్తున్నామని తెలిసి ఇంకా శ్రద్ధగా ఎక్కించింది.

పోగులత్త పని రఫూ. కోటుకో శాలువాకో చిరుగు పడితే, అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, వాటితోనే ఆ చిరుగును అల్లి పూడ్చేస్తుంది. పనయ్యాక చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారుకే తెలియదు. ఆ చోటు కనబడక, అసలు పనే చెయ్యలేదేమో అని దెబ్బలాటకు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ విద్య ఆమెకు అత్తగారు నేర్పింది. "మా అత్త నన్ను బాగుంది అని ఒక్కనాడూ అనలేదే. చేతిలోకి తీసుకుని, చిరుగెక్కడ చచ్చింది అనేది. అదే నాకు మెడల్" అంటుంది.

రెండో విద్య మాత్రం ఎవరూ నేర్పకుండానే అబ్బింది. అది యుద్ధకాలపు ప్రేమ నవలలు చదవడం. యుద్ధం ఏనాటిదో అయి ఉండాలి, అందులో ప్రేమ ఉండాలి. అట్ట మీద సైనికుడు, వెనక పొగ, ఈ పక్కన ఒక అమ్మాయి వీపు. ఈ మూడూ ఉంటే లోపల ఏముందో చూడక్కర్లేదు, తెచ్చేసుకోవడమే.

"అన్ని చావులూ ఏడుపులూ మనకెందుకత్తా? హాయిగా మామూలు ప్రేమకథ చదవకూడదూ?" అని నేనొకసారి అడిగాను. నా పని కాజాలూ బొత్తాలూ. నోరు ఖాళీగానే ఉంటుంది.

"మామూలు ప్రేమకథ నాకు తెలీనిదా? నేనూ మీ మామయ్యా ఉన్నాంగా. ఇష్టపడ్డాం, పెళ్లాడాం. ఇప్పుడు సాయంత్రం గుమ్మంలోకి రాగానే నా చెప్పులేవీ అని అరుస్తాడు. అవి ఆయన కాళ్లకే ఉంటాయి. అదే యుద్ధంలో గనక ఉండుంటే, ఎంత బాగుండేవాడో మనిషి!"

ఆమె చదివే పద్ధతి ఒకటుంది. పుస్తకాన్ని ఎదురుగా చెక్కకు ఆనించి, బట్టల క్లిప్పులతో బిగిస్తుంది. ఒక వాక్యం పైకి చదువుతుంది. తల దించి నాలుగు పోగులు వేస్తుంది. మళ్లీ ఒక వాక్యం. "తలుపు తీసేసరికి ఎదురుగా..." అని నాలుగు పోగులు వేసుకుంటూ కూర్చుంటే, కొట్టులో మిషన్లన్నీ ఆగిపోయేవి. ఇస్త్రీ బాబాయి కూడా పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడేవాడు. ప్రేమలూ గీమలూ తనకు పడవని ఆయన రోజూ అంటాడు. కెప్టెను ఉత్తరం రాసినప్పుడల్లా ఆయన కళ్లు తుడుచుకుంటాడు. ఆవిరి, అంటాడు.

ప్యాంటు సంగతి తేలాక యజమాని తీర్పు చెప్పారు. "సగంలో ఆపమంటే మీరు మనుషుల్లో పడరు. కాబట్టి ఈ పుస్తకం పూర్తి చేసుకోండి. ఇది అయిపోయిన రోజున కొట్టులో చదువు బంద్."

చదువు లేకపోతే ఇక పొద్దస్తమానం వినాల్సింది మిషన్ల చప్పుడూ, మా ఇళ్ల సంగతులూ. మా ఇళ్ల సంగతులు మాకు తెలిసినవే.

ఆ తరవాత కొన్నాళ్లకు కెప్టెను నది దగ్గరికి చేరాడు. వంతెన కూలిపోయింది. అవతలి గట్టు నుంచి తుపాకులు పేలుతున్నాయి. పోగులత్త ఒక వాక్యం చదివి తల దించింది. ఈసారి నాలుగు పోగులతో ఆగలేదు. చాలాసేపు కుట్టింది. తలెత్తి పేజీ కింది దాకా కళ్లతోనే చదువుకుంది. మళ్లీ తల దించింది.

"ఏమైంది పిన్నీ? చెప్పవేం?" అంది మిషను వదిన, ఏడవడానికి సిద్ధంగా.

"కెప్టెను చలికి వణుకుతూ రెల్లు పొదల్లో దాక్కున్నాడు" అని చదివింది పోగులత్త.

నేను ఆమె పక్కనే కూర్చుంటాను. ఆ రోజు నుంచీ పేజీలు తిరగడం తగ్గింది. చూసేవాళ్ల కోసం అప్పుడప్పుడూ ఒకటి తిప్పి, కాసేపాగి వెనక్కి తిప్పేది. కుడివైపు మిగిలిన కాగితాలు నాలుగో అయిదో, యుద్ధం చూస్తే ఎంతకీ తెమలదు. అయినా నేను నోరు మెదపలేదు. చదువు ఆగకూడదని నాకూ ఉంది. పైగా అప్పటికి కెప్టెను ఒక ముసలమ్మ ఇంట్లో తలదాచుకుని, మేకల పాలు పితకడం చేతకాక తన్నులు తింటున్నాడు. అలాంటి సమయంలో మధ్యలో మాట్లాడితే ఏం మర్యాద?

"ఏమయ్యా, ఇంకా అవలేదా యుద్ధం?" అని యజమాని ముందుగదికీ మాకూ మధ్యనున్న తెర తొలగించి తొంగిచూసేవారు.

"అవతలివాళ్లు గట్టిగా ఉన్నారు సార్" అనేవాడు ఇస్త్రీ బాబాయి.

రానురాను ఆయన తొంగిచూడటం మానేసి, తెర పక్కనే కొలతలు తియ్యడం మొదలుపెట్టారు. ఒకాయన చెయ్యి పొడవు కొలిచి, మళ్లీ కొలిచి, మళ్లీ కొలిచారు. "నా చెయ్యేమైనా పెరుగుతోందా అండీ?" అని ఆయన అడిగే దాకా ఈయనకు తెలియలేదు. ముసలమ్మ మేక తప్పిపోయిన రోజది.

ఆ నవలకున్న గిరాకీకి వీధి చివరి గ్రంథాలయంలో రెండు కాపీలు తెప్పించినా ఒక్కటీ బీరువాలో నిలిచేది కాదు. పేర్లు రాయించుకుని ఎదురుచూడాలి. యజమాని రాయించుకున్నారని మాకెవరికీ తెలియదు.

మళ్లీ ఒక సోమవారం. యజమాని వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పేపరు చుట్టిన పొట్లం. విప్పి పోగులత్త ముందు పెట్టారు. అట్ట మీద సైనికుడు, పొగ, అమ్మాయి వీపు.

"ఏమ్మా, కెప్టెను నది దగ్గరే పోయాడు! అచ్చులో ఉంది! తూటా తగిలింది, టోపీ నీళ్లలో కొట్టుకుపోయింది, ఆ పిల్లకు ఆఖరికి ఆ టోపీ ఒక్కటే చేరింది. మరి ఇన్నాళ్లూ మేకల పాలు పితుకుతున్నది ఎవరు?"

మిషను ఆగింది. "పోయాడా?" అంది వదిన. ఇస్త్రీ బాబాయి గోడవైపు తిరిగి, "ఈ ఆవిరొకటి" అన్నాడు. పెట్టె అప్పటికి ఇంకా వేడెక్కనే లేదు.

"మరి ఆ ముసలమ్మ ఉందా సార్ పుస్తకంలో?" అన్నాను నేను.

"ఉంది. మొదట్లో, ఒక్క ముక్క. వంతెన మీద మేకల్ని తోలుకుపోతుంది. అంతే, మళ్లీ కనబడదు."

నేను పోగులత్త చేతులకేసి చూశాను. ఒక కోటు లోపలి మడతలోంచి పోగు లాగుతోంది.

"నిన్న నాకు అన్నం సహించలేదమ్మా" అన్నారు యజమాని. "మా ఆవిడ డాక్టరు దగ్గరికి పదమని ఒకటే గోల. పుస్తకం ఎప్పుడో అయిపోయింది. అయిపోతే చదువు బంద్ అన్నానా లేదా? ఉన్నది ఉన్నట్టు చదవక, ఏంటమ్మా ఈ పని?"

పోగులత్త దారం పంటితో కొరికి, పక్కనున్న స్టూలును కాలితో ఆయన వైపు నెట్టింది.

"చిరిగొచ్చినదాన్ని చిరిగినట్టే పంపించడం నాకు చేతకాదు సార్, కూర్చోండి, కెప్టెను అవతలి గట్టెక్కాడు."