ఆంటీ చేసిన ఉద్యోగం

ఆంటీ పోయారన్న వార్త నాకు గుడి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సోమవారం పొద్దున పాపని స్కూల్ దగ్గర దింపి, కార్లోనే కూర్చుని ఫోన్ చూశాను. దీపం బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. ఆదివారం భోజనాలకు ఆమె కలిపే పులిహోర రుచి మరిచిపోలేమని, బతుకమ్మ ఆటలో ఆమె గొంతు లేకపోతే వెలితేనని, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారని. సాయంత్రానికి వందకు పైగా సంతాపాలు వచ్చాయి. అన్నీ చదివాను. ఆమె పద్నాలుగేళ్లు ఏ ఉద్యోగం చేశారో ఒక్కరూ రాయలేదు.

కొందరికి తెలియదు. తెలిసినవాళ్లు రాయలేదు. నేనూ ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అది నాకు మింగుడు పడక ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ఆంటీ ఉండేది అమెరికాలో అరోరా అనే ఊళ్లో. పనిచేసేది వేరే కౌంటీ, అంటే వేరే జిల్లా, కోర్టులో. అక్కడి ఫ్యామిలీ డ్రగ్ కోర్టుకి ఆమె కోఆర్డినేటర్. తల్లో తండ్రో మత్తుకు అలవాటు పడినందువల్ల ప్రభుత్వం పిల్లల్ని తీసుకెళ్లి వేరే ఇంట్లో ఉంచితే, ఆ కేసులు ఆ కోర్టుకి వస్తాయి. అక్కడ వైద్యం చేయిస్తారు, వారం వారం పిలిచి మాట్లాడతారు, మత్తు తీసుకున్నారేమోనని పరీక్షలు చేస్తారు. మనిషి నిలదొక్కుకుంటే పిల్లల్ని తిరిగి ఇస్తారు. చట్టం పెట్టిన గడువులోగా నిలదొక్కుకోకపోతే పిల్లల మీద హక్కే పోతుంది. ఆ గడువు లోపల మనిషికి వైద్యం దొరికేలా చూడడం ఆంటీ పని. ఇదంతా నాకెలా తెలుసంటే, అక్కడ ఒక కేసు నాది.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. విడాకులై ఏడాది అయింది, ఆయన ఇండియా వెళ్లిపోయారు. వెన్నుపూస ఆపరేషన్ తర్వాత నాకు నొప్పి మాత్రలు ఇచ్చారు. నొప్పి తగ్గింది, మాత్రలు తగ్గలేదు. డాక్టర్ ఆపేశాక వాటిని ఎక్కడెక్కడ సంపాదించుకున్నానో ఇక్కడ రాయను. ఒక మధ్యాహ్నం నేను సోఫాలో స్పృహ లేకుండా పడి ఉంటే, మూడేళ్ల నా కూతురు తలుపు తీసుకుని, ఉత్త సాక్సులతో పెద్ద రోడ్డు మీదికి నడిచి వెళ్లింది. ఎవరో కారు ఆపి ఎత్తుకున్నారు. నన్ను లేపడానికి పోలీసులకి చాలాసేపు పట్టిందట. ఆ సాయంత్రం పాపని తీసుకెళ్లిపోయారు.

మొదటిసారి కోర్టుకి వెళ్లిన రోజు మూడో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. బూడిద రంగు స్వెటర్, చిన్న బొట్టు, మెడలో కోర్టు ఐడీ కార్డు ఉన్న ఒకావిడ వచ్చి పక్కన కూర్చున్నారు. ఫైలు మీద నా పేరు చూసి తెలుగులో పలకరించారు. ఆ క్షణంలో ఆమె మీద వచ్చినంత కోపం నాకు పోలీసుల మీద కూడా రాలేదు. తెలుగువాళ్లు కాకుండా ఇంకెవరైనా ఉంటే పంపండి అని ఇంగ్లిష్‌లో అన్నాను. ఆమె తెలుగులోనే జవాబు చెప్పారు.

"ఈ పనికి నేనొక్కదాన్నే ఉన్న బిడ్డా. ఏడ్వు, తప్పు లేదు. ఏడ్సినంక ఈ కాయితం మీద సంతకం పెట్టు. పదకొండింటికల్లా ఇది పంపిస్తె ఇయ్యాల్నే నీకు బెడ్ దొరుకుతది."

ఆమెది వరంగల్ వైపు. ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మాట మారలేదు.

బెడ్ అంటే మత్తు మాన్పించే కేంద్రంలో చోటు. బిడ్డని కూడా దగ్గర ఉంచుకోనిచ్చే కేంద్రాలు తక్కువ. వాటిలో చోటు కోసం నెలల తరబడి ఎదురు చూడాలి. కానీ ఆంటీ కోర్టుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధి, ఒక ఫెడరల్ గ్రాంట్ ఉండేది. ఆ గ్రాంట్‌తో అలాంటి ఒక కేంద్రంలో కొన్ని గదులు ఎప్పుడూ మా కోర్టు తల్లుల కోసమే పట్టి ఉంచేవారు. నేను ఆ సాయంత్రమే చేరాను. ఐదు వారాల తర్వాత పాప నా గదికి వచ్చింది. మొదటి రెండు రోజులు నన్ను అమ్మా అని పిలవలేదు. మూడో రోజు జడ వేయమని వచ్చి నా ముందు కూర్చుంది.

ఆంటీ గురించి తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆమె ఫోన్. పొద్దున ఎనిమిదింటికి, కోటు కూడా విప్పకుండా, చుట్టుపక్కల కేంద్రాలన్నిటికీ వరసగా ఫోన్ చేసి ఇవాళ ఎక్కడైనా ఖాళీ అయిందా అని అడిగేవారు. లేదంటే థాంక్స్ చెప్పి పక్క నంబరుకి వెళ్లేవారు. వరండాలో కూర్చున్న పిల్లలకి కమలాపళ్లు వలిచి, గింజలు తీసి పెట్టేవారు. పరీక్షలో మత్తు బయటపడితే దాన్ని 'డర్టీ' అనడం అక్కడ అందరికీ అలవాటు. ఆమె ముందు ఎవరైనా ఆ మాటంటే, లాయరైనా సరే, ఆపి సరిదిద్దేవారు. నేనూ ఒకసారి నా గురించి అలాగే అన్నాను. "గలీజ్ అనకు. పరీక్షల వచ్చింది, గంతే. నీకు షుగర్ వస్తె గలీజ్ అంటవా?" అన్నారు.

నాలుగో నెలలో నేను జారాను. రెండు మాత్రలు. మర్నాడే పరీక్ష. జలుబు మందు తాగానని జడ్జికి చెబుదామనుకుని, ముందుగా ఆంటీకి అదే చెప్పాను. ఆమె ఫైలు మూసి నా వైపు తిరిగారు.

"నిజం చెప్తె నీ పక్కకొచ్చి నిలబడ్త. అబద్ధం చెప్తె ఎక్కడ నిలబడాల్నో నాకే తెల్వదు."

జడ్జికి నిజమే చెప్పాను. బల్ల పట్టుకుని చెప్పాను. ఆమె అన్నట్టుగానే వచ్చి పక్కన నిలబడ్డారు. జడ్జి పరీక్షలు పెంచారు, కౌన్సెలింగ్ పెంచారు, పాపని మాత్రం నా దగ్గరే ఉంచారు. ఆ తర్వాత ఇంకో పది నెలలకి నా కేసు మూసేశారు. ఆ రోజు కౌంటీ పెద్దలు వచ్చి కేకు కోయించి, నాతో, పాపతో ఫొటో దిగారు. అలాంటి ఫొటోలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఏటా పెట్టుకునేవారు. నా మొహం కనపడకుండా చూడమని ఆంటీ వాళ్లకి గట్టిగా చెప్పారు.

తర్వాత కొన్ని శనివారాలు ఆంటీ ఇంటికి వెళ్లేదాన్ని. గ్రాంట్ మళ్లీ రావాలంటే పెద్ద దరఖాస్తు రాయాలి, ఎవరు ఎంతకాలం నిలబడ్డారో పట్టికలు నింపాలి. ఆమెకి ఎక్సెల్ అంటే విసుగు. నాకు అదే పని. ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది మధ్యలో తప్పారు అని రెండే గళ్లు ఉండేవి. ఆమె పెన్సిల్‌తో ఆ కాగితం మీద కొట్టి, "జారి మళ్ల లేసినోళ్లకు ఇందుల గడి లేదు బిడ్డా. వీళ్ల లెక్కన నువ్వు ఫెయిలే" అన్నారు. ఆమె నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గ్రాంట్ ముగిసే ఏడాది మా కోర్టుకి ఒక అమెరికన్ అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లు. గోడౌన్‌లో పెట్టెలు సర్దే పని. ఏడు నెలల కూతురు. కేసు ముగిసినవాళ్లు కొత్తవాళ్లకి తోడుగా కూర్చోవడం అక్కడి పద్ధతి. ఆ పిల్లకి నన్ను తోడు పెట్టారు. మొండిది. ఎవరి మాటా వినేది కాదు, ఆంటీ మాట తప్ప. నాకు దొరికిన కేంద్రంలోనే తనకీ గది దొరికింది. బిడ్డ వచ్చాక మనిషి మారింది. పాలసీసాలు కడుగుతూ పాటలు పాడుకునేది. తొమ్మిది వారాలు ఒక్క పరీక్షా తప్పలేదు.

అప్పుడు ఆంటీకి ఈమెయిల్ వచ్చింది. దరఖాస్తు ఈసారి ఎంపిక కాలేదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు. అంతే. కారణం అడిగితే పోటీ ఎక్కువగా ఉందన్నారు.

మిగిలిన దారి కౌంటీ బోర్డు ఒక్కటే. వాళ్లు ఒప్పుకుంటే గదులు నిలుస్తాయి. బోర్డు మీటింగ్‌లో మనిషికి మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆంటీ పేరు కింద నా పేరు కూడా ఇచ్చాం. కోర్టు వల్ల బిడ్డ దక్కిన తల్లి స్వయంగా చెబితే వింటారని ఆమె ఆశ. మీటింగ్ ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తుందని ఆ పొద్దున తెలిసింది. మా ఆఫీస్‌లో, గుడిలో, అపార్ట్‌మెంట్స్‌లో ఎవరైనా చూస్తే? వెళ్లి నా పేరు కొట్టించేశాను. ఆంటీ చూశారు. తిడితే బాగుండేది.

ఆమె ఒక్కరే మాట్లాడారు. కాగితం లేకుండా, మూడు నిమిషాలూ ఆ తొమ్మిది వారాల గురించే మాట్లాడారు. చైర్మన్ ఆమెకి హృదయపూర్వకంగా కృతజ్ఞతలు చెప్పారు. ఈ కోర్టు మన కౌంటీకే గర్వకారణమన్నారు. ఈ ఏడాది మాత్రం సర్దుబాటు చేయలేమన్నారు. తర్వాతి అంశం పార్కింగ్ లాట్‌కి కొత్త తారు వేయడం. ఎవరూ ఏమీ అడగకుండానే అది పాసైపోయింది. కేకు కోయించి నాతో ఫొటో దిగినవాళ్లలో ముగ్గురు ఆ బల్ల వెనకే కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు.

నెలాఖరుకి గదులు పోయాయి, గ్రాంట్ మీద నడిచే ఆంటీ ఉద్యోగమూ పోయింది. ఆ అమ్మాయి బిడ్డని మళ్లీ వేరేవాళ్లకి అప్పగించి, బట్టల సంచితో బయటికి వచ్చింది. ఇంకో కేంద్రంలో వెయిటింగ్ లిస్టులో పేరు రాశారు. అప్పటిదాకా గంటన్నర దూరంలో ఉన్న క్లినిక్‌కి వారానికి మూడుసార్లు వెళ్లమన్నారు. షిఫ్టులు కుదిరేవి కావు. ఆరో వారంలో జారింది. ఇప్పుడు పక్కన వచ్చి నిలబడే మనిషికి ఉద్యోగం లేదు. పరీక్షలు తప్పించుకుంది. వెయిటింగ్ లిస్టులో తన వంతు రాకముందే గడువు వచ్చేసింది.

ఆఖరి విచారణకి ఆంటీ, నేను వెళ్లాం. పద్నాలుగేళ్లు జడ్జి బల్ల పక్కన కూర్చున్న మనిషి, ఆ రోజు వెనక బెంచీలో నా పక్కన కూర్చున్నారు. చట్టం తనకి ఇంకో దారి ఇవ్వలేదని జడ్జి అన్నారు. బిడ్డ మీద ఆ పిల్ల హక్కు రద్దు చేసే కాగితం మీద సంతకం పెట్టారు. వరండాలో ఆ పిల్ల ఆంటీ చేతులు పట్టుకుని, నేను ఇంకేం చేసి ఉండాల్సింది అని అడిగింది. నువ్వు చేయాల్సింది చేశావు, చేయాల్సినవాళ్లు చేయలేదు అని ఆంటీ చెప్పారు.

తిరిగి వస్తుంటే కారు నేను నడుపుతున్నాను. దారిలో ఆమే అన్నారు.

"గది ఉంటది, నువ్వు బిడ్డను చూస్కో అని ఆ పిల్లకు మాటిచ్చిన. నిజం చెప్పున్రి అని అందరికి చెప్పుకుంట వచ్చిన. ఆఖరికి అబద్ధం నాతోనే అయింది."

మీ తప్పు కాదు ఆంటీ అన్నాను. పేరు కొట్టించుకున్న నా నోట ఆ మాట ఎంత చవకగా వినిపించి ఉంటుందో నాకు తెలుసు.

గ్రాంట్ పోయినందుకే ఆంటీ పోయారని నేను అనను. బీపీ, షుగర్ ఆమెకి ముందునుంచే ఉన్నాయి. ఆ విచారణ తర్వాత ఐదు నెలలు బతికారు. పొద్దున ఎనిమిదింటికి ఇంటి నుంచే కేంద్రాలకి ఫోన్లు చేస్తూ ఉండేవారు. ఎవరి తరఫున అని అవతలివాళ్లు అడిగితే ఏం చెప్పాలో తెలియక పెట్టేసేవారు. ఒక ఆదివారం గుండె ఆగిపోయింది.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్ నిండిపోయింది. గుడి కమిటీలో ఉండే ఒక అంకుల్ మైకులో మాట్లాడుతూ, ఆవిడ కౌంటీలో ఏదో క్లర్కు పని చేసేవారనుకుంటాను, అసలు ఆవిడ మనసంతా గుడి మీదే ఉండేది అన్నారు. నేను రెండో వరసలో, గుడి గ్రూపులోని ఇద్దరి మధ్య కూర్చుని ఉన్నాను. లేచి, కాదు అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. లేవలేదు.

అప్పుడే వెనక తలుపు తీసుకుని నలుగురు ఆడవాళ్లు వచ్చారు. అందరూ నాలాగే మా కోర్టుకి వచ్చిన తల్లులే. గోడౌన్ అమ్మాయి కూడా ఉంది. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చింది. అక్కడ పనిచేసే మనిషనుకుని ఒకాయన ఇంకో రెండు కుర్చీలు కావాలని అడిగారు. ఆ పిల్ల వెళ్లి, పక్క గదిలోంచి రెండు కుర్చీలు తెచ్చి వేసింది. తర్వాత ఆంటీ దగ్గరికి వెళ్లి, చేతులు ఎలా పెట్టాలో తెలియక, పక్కనున్నవాళ్లని చూసి దణ్ణం పెట్టింది.

కోర్టులో కలిసినవాళ్లం బయట కనబడితే మొదట పలకరించం. ఎవరి పరువు ఎక్కడ ఉందో తెలియదు గనక. అవతలి మనిషి నోరు తెరిస్తేనే మాట్లాడతాం. తిరిగి వస్తూ ఆ పిల్ల నా వరస దగ్గర ఆగింది. నా వైపు చూసింది. నేను పిలుస్తానేమోనని ఒక్క క్షణం చూసింది. నా పక్కనున్నావిడ, ఎవరండీ ఆ అమ్మాయి, మీకు తెలుసా అని అడిగారు.

తెలియదన్నాను.

ఆ పిల్లకి తెలుగు రాదు. అయినా ఏమన్నానో అర్థమైనట్టు తల దించుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి లేచి బయటికి వెళ్లాను. అద్దాల తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. పార్కింగ్‌లో సన్నగా మంచు పడుతోంది. మిగిలిన ముగ్గురూ వెళ్లిపోయారు. ఆ పిల్ల తన పాత కారు అద్దం మీద మంచుని చొక్కా చేతితో తుడుచుకుంటోంది. కారు తిప్పి తలుపు ముందు నుంచే వెళ్లింది. వెనక సీట్లో పసిపిల్లల కుర్చీ ఇంకా బిగించి ఉంది. ఖాళీ కుర్చీకే బెల్టు పెట్టి ఉంది.