ముత్తమ్మ తాగిన జావ

తొంభయ్యవ దశకం చివర్లో నన్ను రాష్ట్రం సరిహద్దు అవతల, బైలదిల్లా కొండల కింద ఉన్న ఇనుప గనుల టౌన్‌షిప్ ఆసుపత్రికి మత్తు డాక్టరుగా వేశారు. సర్జన్ పేరు ఊరంతా చెప్పుకుంటారు. రోగిని నిద్రపుచ్చి మళ్లీ లేపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. అందుకు నాకేం బాధ లేదు. మా పేరు గుర్తుందంటే ఏదో పొరపాటు జరిగిందనే అర్థం.

ఒక ఎండాకాలం ఎర్రబోరు అనే సరిహద్దు పల్లె నుంచి ముత్తమ్మ అనే రైతుకూలీని ఆమె భర్త లచ్చయ్య సుక్మా మీదుగా మూడు బస్సులు మార్చి తీసుకొచ్చాడు. రెండేళ్లుగా ముద్ద గొంతు దిగడం లేదు. నిలబడి, చెంబుడు నీళ్లు తాగి, రొమ్ము మీద గుద్దుకుంటే ఇంత లోపలికి పోయేది. లేకపోతే వెనక్కి వచ్చేసేది. మనిషి పుల్లలా అయిపోయింది. బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో అన్నవాహిక పైన సంచిలా ఉబ్బి, చివర పక్షి ముక్కులా సన్నబడింది. ఈ జబ్బును అకలేసియా అంటారు. అక్కడి కండరం బిగుసుకుపోయి తెరుచుకోదు. పొట్టకు ఐదు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ ఆ కండరాన్ని నిలువునా చీల్చాలి. కిందనున్న పల్చటి పొరకు గాటు పడకూడదు. మా దగ్గర ఆ పని వచ్చినవాళ్లు లేక, విశాఖపట్నం నుంచి ఒక పెద్ద సర్జన్‌ని పిలిపించాం. ఆయన తన సామగ్రి పెట్టెలతో రైల్లో వచ్చారు. మర్నాడు ఆపరేషన్, ఆ మర్నాడు తిరుగు రైలు.

నా భయం వేరు. ఈ జబ్బులో తిన్నది రోజుల తరబడి అన్నవాహికలోనే నిలవుంటుంది. మత్తిస్తే అది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయొచ్చు. అందుకే మూడు రోజులు పల్చటి ద్రవాలే ఇచ్చి, ముందురోజు సాయంత్రం లావు గొట్టం వేసి కడిగాను. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ముత్తమ్మ గొట్టం పట్టుకు లాగలేదు. ఇకపై నోటికి ఏమీ ఇవ్వకూడదని కేస్ షీటులో రాసి, నర్సుకు హిందీలో, ముత్తమ్మకు తెలుగులో చెప్పాను. లచ్చయ్య వరండాలో ఉన్నాడు. అతనికి చెప్పలేదు.

పొద్దున బల్ల మీద పడుకోబెట్టాం. సిరంజి నా చేతిలో ఉంది. ముత్తమ్మకు గౌను తొడిగిన ఆయా బుధ్రిది కూడా ఎర్రబోరు పక్క పల్లె. వెళ్లబోయిందల్లా ఆగి, ముత్తమ్మ మొహం మీదికి వంగింది.

“జర ఆగుండ్రి సార్. నోరు పులిసిన జావ వాసనొస్తాంది.”

ఈ జబ్బులో ఆ వాసన మామూలేనన్నాను.

“నిన్నటిది గాదు సార్. ఇప్పుడు తాగిందే.”

ముత్తమ్మ కళ్లు మూసుకుని ఔనన్నట్టు తలూపింది. తెల్లవారగానే లచ్చయ్య సొరకాయ బుర్రలోని రాగిజావ రెండు దొప్పలు తాగించాడట. సిరంజి కింద పెట్టేశాను.

వరండాలోకి వెళ్లి లచ్చయ్య మీద అరిచాను. అతను బెదరలేదు.

“ఏంది సారూ, పొలానికి పొయ్యే మనిషినే జావ తాపియ్యక పంపం. కత్తి కిందికి ఖాళీ కడుపుతోని ఎట్ల పంపుత?”

అప్పుడు అతని పక్కన కూర్చుని, జావ ఎందుకు వద్దో, మత్తులో అది ఎక్కడికి పోతుందో చెప్పాను. లచ్చయ్య లేచి, సొరకాయ బుర్రను తనే తెచ్చి బుధ్రి చేతిలో పెట్టాడు.

సర్జన్‌కి ఈ సంగతి తలవంచుకునే చెప్పాను. రైలు ఎల్లుండీ ఉంటుందనీ, మా ఇంట్లో ఇంత పప్పుచారు దొరికితే చాలనీ అన్నారాయన. ఆ మాటకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

మళ్లీ కడిగి, మర్నాడు మత్తిచ్చాను. మూడు గంటలు పట్టింది. చివర్లో కోసిన చోట నీళ్లు నింపారు. నేను అన్నవాహికలోకి వేసిన గొట్టంలోంచి గాలి పంపాను. పొరకు చిల్లి పడితే బుడగలొస్తాయి. ఒక్కటీ రాలేదు.

రెండు రోజులయ్యాక బుధ్రి బుర్ర తిరిగిచ్చింది. లచ్చయ్య దొప్పలో జావ పోసి, ముందు నా వైపు చూశాడు. “ఇప్పుడు తాపియ్యొచ్చా సారూ?” ముత్తమ్మ కూర్చునే తాగింది. రొమ్ము మీద గుద్దుకోలేదు.

ముత్తమ్మ ప్రాణమూ నా ఉద్యోగమూ ఆ రోజు బుధ్రి వల్లే నిలిచాయి. కేస్ షీటులో ఆమె పేరు రాసే గడి లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పరగడుపున ఉండాలన్న మాటను రోగికి వండిపెట్టే మనిషికే ముందు చెప్పాను, కారణంతో సహా. సూది ఎత్తేముందు, చెప్పాల్సిందేమైనా ఉందా అని ఆయాను అడిగాను.