మధ్యాహ్నపు అరగంట

తొంభైల చివర్లో మేమిద్దరం బెంగళూరు పీణ్యలో పనిచేసేవాళ్ళం. నాది లేత్ మిషన్ మీద, ఎప్పుడూ మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టే. నా భార్య బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. నేను ఇల్లు చేరేసరికి ఆమె నిద్రలో ఉండేది, ఆమె బయలుదేరేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ణి. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆదివారం తప్పితే మెలకువగా ఒకరినొకరు చూసుకునేది మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆమెను అన్నానికి వదిలే అరగంటలోనే. నేను సంగటి, పప్పు వండి వేడివేడిగా క్యారియర్‌లో తీసుకుపోయేవాణ్ణి. ఫ్యాక్టరీ గేటు పక్కన గోడనీడలో కూర్చునేవాళ్ళం.

కూర్చోగానే నేను రామకోటి పుస్తకం తెరిచేవాణ్ణి. కోటిసార్లు రామనామం రాస్తానని పెళ్ళికి ముందే మొక్కుకున్నాను. రోజుకొక పేజీ, డ్యూటీ ఎక్కేలోపు. రాస్తున్నంతసేపూ నోరు విప్పకూడదు. పొద్దున నీళ్ళు పట్టడం, వంట, వీటితోనే సరిపోయేది. అందుకని ఆమె తింటూ ఏదో చెబుతుంటే తల ఊపుతూ రాసుకునేవాణ్ణి. సైరన్ మోగేసరికి పేజీ నిండేది, నా గిన్నెలో సంగటి చల్లారిపోయేది. లేత్ దగ్గర నూనె మరకలవుతాయని పుస్తకాన్ని ఆమె సంచిలోనే ఇంటికి పంపేవాణ్ణి.

"దేవునితో మాట్లాడేకి నీకు దినమంతా ఉండాది. నాతో మాట్లాడేకి ఇదొక్కటే కదప్పా," అని ఒకసారి నవ్వుతూనే అంది. నేను తల ఊపాను. పెన్ను ఆపలేదు.

ఒక శుక్రవారం పుస్తకం తెరిస్తే ఆనాటి పేజీ అప్పటికే నిండి ఉంది, కన్నడ అక్షరాలతో. ఆమెది కర్ణాటకలోని పావగడ వైపు. ఇంట్లో తెలుగే గానీ బడిలో నేర్చింది కన్నడమే. ముందురోజు టీ టైములో కొంత, ఇంటికి వచ్చాక కొంత రాసిందట.

"ఈ పొద్దు నీ పేజీ అయిపాయ. ఇంగ నాతో కూర్చోని తిను," అంది.

నాకు కోపం వచ్చింది. మొక్కు నాదైతే ఇంకొకరి రాత ఎలా చెల్లుతుందని అడిగాను. నామం రాసిన కాగితం చించరాదు కాబట్టి చించలేదు గానీ, పేజీ తిప్పి మొదటినుంచి మళ్ళీ రాశాను. ఆమె రెండు ముద్దలు తిని గిన్నె మూసేసి లోపలికి వెళ్ళిపోయింది. సైరన్ ఇంకా మోగలేదు.

ఆదివారం భజన. భజన నడిపే పెద్దాయనకు నగర్తపేటలో పూజాసామాన్ల అంగడి ఉండేది. తప్పు ఆమెదేనని ఆయన నోట అనిపించాలని, సంగతంతా అందరిముందూ చెప్పాను. ఆమె ఆడవాళ్ళ మధ్య తలవంచుకుని కూర్చుంది. ఆయన రెండు పేజీలూ పక్కపక్కన చూశాడు.

"ఏమప్పా, రామునికి కన్నడ రాదనుకొంటివా?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగాడు: "నైవేద్యం పెట్టి తెర వేస్తామే, ఎంతసేపు కాచుకుంటాం?"

"స్వామి ఆరగించేదాకా," అన్నాను.

ఆయన పుస్తకాన్ని నా చేతికి కాక ఆమె చేతికి పంపాడు.

ఇంటిదారి పొడుగునా ఆ తెరే నా కళ్ళముందు ఉంది. గర్భగుడి ముందు ఎంతసేపైనా కదలకుండా నిలబడేవాణ్ణి. అన్ని ప్రాణుల్లోనూ ఉన్నది ఆ స్వామేనని భజనలో ఎందరికో నేనే వివరించాను. గోడనీడలో నా ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి దగ్గర మాత్రం అరగంట కుదురుగా ఉండలేకపోయాను.

సోమవారం పుస్తకం బయటికి తీయలేదు. ఆమె కాసేపు చూసి, "మరిచిపోయి వచ్చినావా?" అంది.

"సైరన్ అయినంక రాస్తా. నువ్వు చెప్పు."

ఆమె క్యారియర్ మూత తీసి గిన్నెలు పరిచింది. తర్వాత మెల్లగా, ఒక కట్ట కాలర్లు తిరగేసి కుట్టి మళ్ళీ అన్నీ విప్పుకున్న కథ మొదలుపెట్టింది. చెబుతూ తనే నవ్వింది. సంగటి వేడిగా ఉంది. వేలు కాలితే ఆమె నా చెయ్యి పట్టుకుని ఊదింది.

కోటి ఇంకా పూర్తి కాలేదు. ఆ పుస్తకాల్లో కొన్ని పేజీలు తెలుగు, కొన్ని కన్నడ. మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం ఇద్దరిలో ఎవరమూ పెన్ను పట్టం.