గిర్ని గోడ మీద నా సంతకం

మా పొలంలో మోటరు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయినప్పుడు నేను పెట్టిన శాపనార్థాలు అన్నీ ఇన్నీ కావు. నీళ్లు లేక చెరుకు ఎండింది. దొంగ మా ఊరివాడే, దొరికాడు. బోధన్ కోర్టులో సాక్ష్యం చెప్పింది నేనే. అతనికి జైలు పడింది. పడాల్సిందే అన్నాను, ఇప్పుడూ అంటాను. పొద్దున లేస్తూనే మోటరు ఉందో పోయిందో చూసుకునే బతుకు ఎడపల్లి రైతుకెందుకు?

ఆ రోజుల్లోనే ఊరి కమిటీవాళ్లు ఒక కాగితం తెచ్చారు. "మోటర్ల కాడ గస్తీ పెడుతున్నం టీచరమ్మా, సంతకం జెయ్యుండ్రి" అన్నారు. చదవకుండా సంతకం పెట్టొద్దని బడిలో పిల్లలకు జీవితమంతా చెప్పినదాన్ని, చదవకుండానే పెట్టాను. మోటరు పోయినదాన్ని కదా, మొదటి సంతకం నాదే. తర్వాత నిజామాబాద్‌లో మా ఇంటికి వెళ్లిపోయాను.

చాలా నెలలకు పొలం చూడ్డానికి వచ్చాను. అప్పటికి అతను శిక్ష పూర్తి చేసుకుని ఇల్లు చేరాడు. అతని భార్య జొన్నల సంచి నెత్తిన పెట్టుకుని ఆటో కోసం నిలబడి ఉంది. ఊళ్లో పిండి గిర్ని ఉండగా ఎక్కడికని అడిగాను.

"బోధన్‌కు టీచరమ్మా. ఈడ మాకు పిండి పడ్తలేరు. కూలికి పిలుస్తలేరు. మాతోని మాట్లాడితే జుర్మానా అంట. మీరు గూడ మాట్లాడకుండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. కోర్టు వేసిన శిక్ష అతను అనుభవించి వచ్చాడు. మళ్లీ శిక్ష వేయడానికి వీళ్లెవరు? తీగ కోసింది అతనైతే ఈమె రొట్టె ఎందుకు ఆపాలి? కూలి కూడా దొరకనివాడు మళ్లీ తీగ కోయక ఏం చేస్తాడు? ఎద్దు పుండు కాకికి నొప్పా! ఇదేనా ఊరికి కాపలా?

సంచి లాక్కొని గిర్నికి నడిచాను. ఆమె వద్దు వద్దంటూ వెంట వచ్చింది.

గిర్ని అతను సంచి ముట్టలేదు. "నన్నేం జెయ్యమంటరు టీచరమ్మా? గటు సూడుండ్రి" అని గోడకు అంటించిన కాగితం చూపించాడు. ఆ ఇంటికి పని, పాలు, పిండి ఏవీ ఇవ్వరాదని కమిటీ తీర్మానం. అందులో గస్తీ మాటే లేదు. కింద అందరికంటే ముందు నా సంతకం, గుండ్రటి అక్షరాలతో.

ఆమెకు చదువు రాదు. చెప్పకుండా తప్పించుకోవచ్చు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను: "ఇందుల మొదటి సంతకం నాదే."

"నాకెర్కే టీచరమ్మా" అంది. "మా వాకిట్ల నిలబడి సదివిండ్రు. ముందుగాల మీ పేరే."

కలంతో నా పేరు కొట్టేశాను. ఊరు నాతోనూ మాట మానేసింది. మా పొలంలో ఇప్పుడు ఆ భార్యాభర్తలే పనిచేస్తున్నారు, మోటరుకు కాపలా అతనే. అబద్ధమెందుకు, పొలానికి వెళ్లగానే ముందు నేను మోటరు వైపే చూస్తాను. నేను చూడటం అతనూ చూస్తాడు.