కండక్టర్ గారు మోసుకెళ్లిన కథ

మా బస్సు కండక్టర్ గారు పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున బస్సు ఆగగానే డ్రైవర్ దిగొచ్చి నా చేయి పట్టుకుని, "పోయిండన్నా, నిద్రలనే పోయిండు" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లోకీ రోడ్డు మీదికీ ఒకటే తిరుగుడు. బడి నుంచి వచ్చిన కూతురికి చీకటిపడ్డాకే చెప్పాను. రాస్తే తప్ప ఈ తిరుగుడు ఆగేలా లేదు. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

మాది బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. లేక లేక నలభై తొమ్మిదో ఏట నాకొక కూతురు పుట్టింది. దాని గురించి మొదలుపెడితే నేను ఆగనని ఊరందరికీ తెలుసు. మూడేళ్ల కిందట అది ఐదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల టీచరమ్మ ఒక వింత పని తలకెత్తుకుంది. ఐదు దేశాల చిన్న బడులు కలిసి ఒకే కథ రాయాలట. ఒక బడి పిల్లలు కొంత రాసి ఈమెయిల్‌లో పంపితే, అక్కడి నుంచి ఇంకో దేశం పిల్లలు అందుకోవాలి. వంతు వచ్చాక వారంలోగా పంపకపోతే ఆ బడిని వదిలేసి కథ ముందుకు పోతుంది. మా బడిలో కంప్యూటర్ మాట అటుంచి కరెంటే లేదు. టీచరమ్మకు తెలిసిన కంప్యూటర్ సెంటర్ ఖమ్మంలో ఉంది. రోజూ ఖమ్మం వెళ్లొచ్చేది కండక్టర్ గారు.

"కాగితమే కదా టీచరమ్మా, నేను తీస్కపోత. వచ్చేటప్పుడు జవాబు పట్టుకొస్త" అన్నారు.

అలా ఎక్కడెక్కడి పిల్లల మాటలు, ఆ సెంటర్ మేడమ్ తెలుగు చేసి ఇస్తే, అచ్చు కాగితాలై ఆయన తోలుసంచిలో మా ఊరికి వచ్చేవి. సాయంత్రం బస్సుకు నేను మధ్యాహ్నం నుంచే పచార్లు చేసేవాణ్ణి. బస్సు ఆగకముందే "వచ్చిందా?" అని కేక. "ముందు జనాన్ని దిగనియ్యన్నా. నీ జవాబు యాడికీ పారిపోదు" అని నవ్వేవారు.

టికెట్లు కొట్టడం అయ్యాక పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, ఆ కాగితాన్ని బస్సంతా వినేలా చదివేవారు. మిర్చి బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్లు కూడా "తర్వాత ఏమాయె?" అని అడిగేవారు. దారిలో ఎవరు చేయెత్తినా ఆయన బస్సు ఆపించాల్సిందే. డ్రైవర్ విసుక్కుంటే, "అడివిల నిలబడ్డోళ్లకు మనం కాక ఇంకెవరున్నరు?" అనేవారు.

మా వంతు వచ్చింది. కథలో ఒక పాప తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ దేశాలు దాటుతోంది. టీచరమ్మ తరగతి పిల్లలందరి చేతా రాయించి, నా కూతురు రాసింది ఎంచింది. పాప మా అడవికి వచ్చింది, పొద్దు గూకింది, ఇప్పచెట్టు కింద ఒక్కతే కూర్చుంది, ఎవరూ రాలేదు. అంతే. నేను సంతోషం పట్టలేక ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

కాగితం బయల్దేరింది గడువు చివరి రోజున. ఒకటే ముసురు. వాగు రోడ్డెక్కింది. జనమంతా దిగి నీళ్లలో నడిచి అవతల ఇంకో బస్సు ఎక్కాల్సి వచ్చింది. కండక్టర్ గారు ఒక ముసలమ్మను వీపున మోసుకుని దాటించారు. గట్టెక్కి చూస్తే సంచిలోని కాగితం ముద్దయిపోయింది. అయినా ఖమ్మం చేరి, కంప్యూటర్ సెంటర్ మేడమ్ ముందు కూర్చుని, పొద్దున బస్సులో చదివిన కథంతా గుర్తు తెచ్చుకుని నోటితో చెప్పారు. ఆవిడ ఇంగ్లీషులో కొట్టి పంపింది. నా కూతురు కథ సముద్రాలు దాటిందంటే ఆయన చలవే!

రెండు వారాలకు జపాన్ పిల్లలు రాసిన భాగం వచ్చింది. టీచరమ్మ బడిలో చదివి వినిపించింది. పాప బస్సు కిటికీలోంచి కొండలు లెక్కపెడుతోందట. నా కూతురు లేచి నిలబడి, "బస్సెక్కడిది? నేను బస్సు రాయలే!" అంది.

సాయంత్రం కండక్టర్ గారు దాచలేదు. "చెట్టు కింది దాకా నువ్ రాసినట్టే చెప్పిన బిడ్డా. ఎవరూ రాలేదని చెప్పబోతే నోరు రాలే. బస్సాపి ఎక్కించిన."

"అది నా కథ బాబాయ్! అవతలి పిల్లలు రావాలని అక్కడ ఆపిన. నువ్వెందుకొచ్చినవ్?"

"పోనీలేవే" అన్నందుకు నాకూ చీవాట్లు పడ్డాయి. నా కూతురు ఇక రాయనని భీష్మించుకుంది. మా వంతు మళ్లీ వచ్చింది, అదే ఆఖరిది. వేరే పిల్లల చేత రాయిస్తానని టీచరమ్మ అంటే కండక్టర్ గారే వద్దన్నారు. "తప్పు నాది. ఆ పిల్ల కథ ఆ పిల్లనే రాయనియ్యి." రోజూ ఫుట్‌బోర్డు మీది నుంచి "రాసినవా బిడ్డా?" అని అడగడం, ఇది మొహం తిప్పుకోవడం. నాకు అన్నం సయించలేదు.

గడువు రోజు పొద్దున అది బస్సు దగ్గరికి వచ్చి మడిచిన కాగితం చాపింది.

"కవర్ల పెట్టి అతికించి తే బిడ్డా. నేను తెరవను."

"చదువు" అంది.

చదివారు. దేశాలన్నీ తిరిగి బస్సు మళ్లీ మా అడవికే వచ్చింది, నడి అడవిలో పాప బస్సు ఆపమంది.

"ఇక్కడ స్టేజీ లేదు కదా బిడ్డా."

"అయినా ఆపాలె. గొర్రెపిల్ల అడివిలనే ఉంది."

"ఒక్కతే దిగుతదా?"

"అవ్. ఒక్కతే."

"సరే. నువ్ రాసినట్టే దింపుత" అన్నారు.

బస్సు కదలాలి. రైట్ చెప్పాల్సిన మనిషి ఫుట్‌బోర్డు మీద నిలబడి, కాగితం మళ్లీ మొదటి నుంచి, ఈసారి పైకి చదువుతున్నారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. లోపలి నుంచి ఒక ఆడమనిషి కసిరింది: "జర ఆగవయ్యా, పాప ఇంకా దిగలే."

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.