మామ నడుము మీద నా కుడికాలు

ఇప్పుడు నడుము పట్టేస్తే దానికి ఎన్ని రకాల డాక్టర్లో! ఎముకల డాక్టరు వేరు, నరాల డాక్టరు వేరు, వ్యాయామాలు చేయించేవాళ్ళు వేరు. ఈ మధ్య తిరుపతిలో కైరోప్రాక్టర్ అని ఒకాయన వచ్చాడట. బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూసలు ఒక్కొక్కటే తడిమి చూసి, చేత్తో ఒక్క అదుము అదిమితే టక్కున చప్పుడొచ్చి పట్టు వదిలిపోతుందట. మా కోడలు వెళ్ళొచ్చి, ఆ విద్య వందేళ్ళ కిందటే అమెరికాలో పుట్టిందనీ, మొదట్లో దాన్ని అందరూ నాటువైద్యమని వెక్కిరించారనీ, ఇప్పుడు దానికి కాలేజీలూ పట్టాలూ ఉన్నాయనీ చెబుతుంటే నేను ఊ కొడుతూ విన్నాను. నా చిన్నప్పుడు మాకూ అలాంటి వైద్యం ఉండేది. కాకపోతే చేత్తో కాదు, కాలితో. పట్టా పుట్టుకతోనే వచ్చేది. తల ముందు కాకుండా కాళ్ళు ముందు పెట్టి భూమ్మీదికొచ్చిన బిడ్డ ఎవరైనా సరే, పట్టేసిన నడుము మీద తొక్కితే నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. వడమాలపేటలో మా వీధి మొత్తానికి ఆ పట్టా నాకొక్కదానికే ఉండేది.

నాకు ఊహ తెలిసేసరికే నేను ప్రాక్టీసులో ఉన్నాను. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే ఎవరో ఒకరు నడుము మీద చెయ్యేసుకుని వంకరగా నడిచొచ్చి, "పాపా, ఒక్క తొక్కు తొక్కిపో తల్లీ" అంటూ మా పంచలో బోర్లా పడుకునేవాళ్ళు. కుడికాలు నీళ్ళలో తడిపి, తూర్పు మొహంగా నిలబడి, వెన్ను మీద పైనుంచి కిందికి మూడుసార్లు రాయాలి. చివర్లో మెల్లిగా ఒక తన్ను. ఆ తన్నంటే నాకు మహా సరదా. (పెద్దవాళ్ళను తన్ని, వాళ్ళ చేతే "సల్లంగుండు తల్లీ" అనిపించుకునే భాగ్యం ఎంతమంది పిల్లలకు దొరుకుతుంది?) ఒకసారి మా బడి అయ్యవారు కూడా వచ్చారు. ముందురోజే ఎక్కాలు అప్పజెప్పలేదని నా చెవి మెలిపెట్టి ఉన్నారు. ఆ రోజు నా వైద్యంలో కాస్త శ్రద్ధ ఎక్కువైంది. తొక్కించుకున్నవాళ్ళు గుప్పెడు శెనక్కాయలో, చిన్న బెల్లం ముక్కో చేతిలో పెట్టి పోయేవాళ్ళు. నిజంగా తగ్గేదో లేదో నాకు తెలియదు. తగ్గనివాళ్ళు పక్కనే ఉన్న పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకునేవాళ్ళు. ఎముక విరిగినా, పూస తప్పినా మా చుట్టుపక్కల జనానికి పుత్తూరు కట్టే గతి. తగ్గినవాళ్ళు మాత్రం నా పేరు చెప్పుకునేవాళ్ళు.

పెద్దదాన్నయ్యాక ఆ ప్రాక్టీసు మాన్పించేశారు. తర్వాత ఆ కాలే నా పెళ్ళికి అడ్డం పడింది. మొదట నన్ను చూసుకుపోయిన సంబంధం వాళ్ళు ఇల్లు చేరేసరికి వాళ్ళ పాడి ఆవు చచ్చిపోయి ఉందట. ఆ ఆవుకు నేనెవరో తెలియదు, నేను దాని మొహమైనా చూడలేదు. అయినా "ఆ పిల్ల కాలు మంచిది కాదంట" అని ఒక మాట పుట్టి, మేమెక్కే బస్సే ఎక్కి మా ఊరికొచ్చేసింది. నాయన బెల్లం మండీకి పోతే అక్కడా అదే మాట. అమ్మ బావి దగ్గరికి పోతే అక్కడా అదే. ఇంకొక్కసారి అలాంటిదేమైనా జరిగితే ఆ మాట నా మీద పచ్చబొట్టులా ఉండిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటప్పుడు చంద్రగిరి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి తిరుపతిలో బడిపంతులు. నాకు ఫోటోలోనే నచ్చేశాడు. (ఆ అబ్బాయి ఇప్పుడు పక్క గదిలో పేపరు చదువుతున్నాడు కాబట్టి ఈ ముక్క చప్పుడు చేయకుండా రాస్తున్నాను.)

పెళ్ళిచూపులకు అబ్బాయి, వాళ్ళమ్మ, వాళ్ళ నాయన, ఆ నాయనకు అక్క వచ్చారు. ఆ అక్కను అందరూ పెద్దత్త అంటారు. ఆ ఇంట్లో ఏ పని జరగాలన్నా ఆమె తల ఊపాలి. మాకున్నవి మూడు కుర్చీలే కాబట్టి, కాబోయే మామను పక్కింటి నుంచి తెచ్చిన నులకమంచం మీద కూర్చోబెట్టారు. ఆయన భారీ మనిషి, మంచం వదులు మంచం. కేసరి తిని, బజ్జీలు తిని, కాఫీ తాగి, "పాప మాకు నచ్చినాదప్పా" అని నాయనతో అంటూ లేవబోయి, సగంలో ఆగిపోయాడు. పైకీ రాలేడు, కిందికీ పోలేడు.

"ఏమైందిరా?" అంది పెద్దత్త.

"నడుము పట్టేసినాదక్కా..."

"నేను సెప్తే వింటివా? బయల్దేరేటప్పుడే ఎవరో తుమ్మినారు. ఆ ఆవు మాట గూడా ఊరికే రాలేదు. ఇంట్లో అడుగు పెడితిమో లేదో నీ నడుము పాయె. లెయ్, పోదాం!"

నాయన మొహంలో రక్తం లేదు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మా అమ్మ గొంతు వినబడింది.

"వదినా, ఉండండి! మా పాప ఎదురుకాళ్ళతో పుట్టినాది. ఒక్క తొక్కు తొక్కితే యాడి నొప్పి ఆడ పోతాది!"

పెద్దత్త మళ్ళీ కూర్చుంది. "అట్లనా? అయితే అదీ సూద్దాం. పాప కాలు యాపాటిదో ఈడనే తేలిపోతాది."

ఇక్కడ మా అమ్మ ఒక్క సంగతి మరిచిపోయింది. నేను చివరిసారి వైద్యం చేసినప్పటికి రెండు జడల పిల్లను. ఇప్పుడు జరీ పట్టుచీర, అవ్వ వడ్డాణం, వీటన్నిటికీ తగ్గ ఒళ్ళు. కాలు అదే గానీ దాని పైనున్న బరువు మారిపోయిందని ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మామను చాప మీద బోర్లా పడుకోబెట్టారు. "కానీమ్మా, నేనేమీ అనుకోను" అని ఆయన చాపతో చెప్పాడు. కుడికాలు తడుపుకుని, ఊళ్ళో దేవుళ్ళందరికీ మనసులో దండం పెట్టుకుని, మెల్లిగా ఆయన వెన్ను మీద పెట్టాను. మొదటిసారి రాశాను, బాగానే ఉంది. రెండోసారి రాస్తుండగా చీర కుచ్చెళ్ళు కాలికి తగులుకున్నాయి. పడిపోకుండా ఉండాలని, ఉన్న బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడ్డాను. ఆ కాలేమో మామ మీద ఉంది.

టక్కుమంది. ఆ చప్పుడు వీధిలోకి వినబడి ఉంటుంది. నేను కళ్ళు మూసుకున్నాను. పెళ్ళికొడుకు దగ్గినట్టు నటించడం మాత్రం వినబడింది. కళ్ళు తెరిచేసరికి మామ నోరు తెరుచుకుని ఉంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన వాళ్ళక్క వైపు చూశాడు, మా నాయన వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

"పోయినాది!" అన్నాడు.

"ఏమి పోయినాది?" అంది పెద్దత్త.

"నొప్పక్కా! సుఖానికి కండ్లలో నీళ్ళొచ్చినాయి సూడు. లచ్చిమి కాలక్కా ఈ పాపది!"

గోడ పట్టుకుని లేచి, అటూ ఇటూ వంగకుండా కర్రలా నిటారుగా బస్సు దగ్గరికి నడిచి వెళ్ళాడు. పెద్దత్త తల ఊపింది. పెళ్ళైంది. చంద్రగిరిలో నా కాలి గురించి మామే ఊరంతా చెప్పుకున్నాడు. నా దగ్గర మొదట బోర్లా పడుకున్నది పెద్దత్తే. (ఈసారి కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని తొక్కాను.)

చాలా ఏళ్ళ తర్వాత మా పిల్లాడు చంద్రగిరి కోట గోడ మీదినుంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంటే, మామా నేనూ వాణ్ణి పుత్తూరుకు తీసుకెళ్ళాం. కట్టు కట్టే పెద్దాయన ఎముక సరిచేసి, ఆకు పసరు పూసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టేశాడు. చేతులు తుడుచుకుంటూ తలెత్తి మామను పోల్చుకున్నాడు.

"ఏమప్పా, నడుము ఎట్లుండాది? ఆ పొద్దు పెండ్లిచూపుల కాణ్ణించి నేరుగా ఈడికే వచ్చి పడితివే! ఏనుగేమైనా తొక్కినాదా అంటే, 'కాదు, మా కోడలు తొక్కినాది' అని ఎంత సంబరంగా సెప్పినావప్పా!" అని, నా వైపు తిరిగి, "ఈ పాపేనా?" అన్నాడు.

ఏడుస్తున్న మా పిల్లాడు కూడా నవ్వేశాడు. మామ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. పుత్తూరులో పనుందని చెప్పి మిగతావాళ్ళను చంద్రగిరికి పంపేసి, ఆ రోజు ఆయన ఇటు బస్సెక్కాడట. తర్వాత పని తెమల్లేదని ఇంటికి కబురు పంపి, చాలా రోజులు పుత్తూరులోనే పడుకుని ఉన్నాడట. అంత నిటారుగా ఎందుకు నడిచాడో నాకప్పుడు అర్థమైంది. నడుము వంగితే కదా!

తిరుగు బస్సులో పిల్లాడు నా ఒళ్ళో నిద్రపోయాక అడిగాను. "ఎందుకు మామా, ఒక్క మాటైనా చెప్పలేదు?"

ఆయన కిటికీలోంచి చూస్తూనే చెప్పాడు. "మా అక్క ఆడనే కూర్చోనుండాది గదమ్మా. నొప్పి పోలేదంటే ఏమంటాదో నాకు తెల్దా? నా నడుముకైతే పుత్తూరులో కట్టుండాది. నీ మీద ఆ మాట పడుంటే, దానికి యా ఊర్లో కట్టు కడతారు?"

నాకేడుపొచ్చింది. పిల్లాడు లేస్తాడని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నన్ను కన్నవాళ్ళు కాక, నా పరువు కోసం నొప్పిని నవ్వుతూ మోసిన మనిషి ఆయనొక్కడే.

మామ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ అప్పుడప్పుడు, వడమాలపేట గుమ్మంలో పట్టుచీరతో నిలబడి, బస్సు వైపు నడిచిపోతున్న ఆయనను చూస్తూ తన కాలి మహిమకు తానే మురిసిపోతున్న ఆ పిల్ల నాకు గుర్తొస్తుంది. పిచ్చిమొహం, ఎంత గర్వమో! ఇప్పుడు ఎదురైనా దానికి నేనేమీ చెప్పను. మురిసిపోనీ. మామ అంత నొప్పి ఓర్చుకున్నది దాని మొహంలో ఆ మురిపెం పోకూడదనే కదా.