చుక్కలమ్మ ముక్కు నొక్కిన పూట

పిల్లల వార్డులో ఆ నర్సును అందరూ చుక్కలమ్మ అనేవారు. చంటిపిల్లలకు మందు తాగించడంలో ఆమెది అందెవేసిన చేయి. బిడ్డను ఒడిలో ఏటవాలుగా కూర్చోబెట్టి, సూది లేని సిరంజి కొనను బుగ్గ లోపలి వైపుకి ఆనించి, నాలుగు చుక్కలు వదిలేది. మింగాక మళ్ళీ కొద్దిగా. ఏ తల్లయినా ముక్కు నొక్కి చెంచాతో గుమ్మరిస్తే మాత్రం ఊరుకునేది కాదు.

"అది నోరనుకున్నావా, గరాటా అనుకున్నావా? పొలమారితే ఎవరిదే పాపం?"

ఆ తల్లి చిన్నబోయి తల దించుకునేది. చుక్కలమ్మ అప్పటికే పక్క మంచం దగ్గర ఉండేది.

మనవరాలికి జ్వరం వచ్చిన రోజు ఆమె డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బట్టలైనా మార్చుకోలేదు. కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పిల్ల మందు ఉమ్మేసింది. మళ్ళీ పోస్తే మళ్ళీ ఉమ్మేసింది. చుక్కలమ్మకు కాళ్ళు పీకుతున్నాయి, కడుపులో ఆకలి.

"అంతా మీ తాత మొండితనమే వచ్చిందే నీకు!"

పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు నొక్కి, ఏడుస్తున్న నోట్లో మందంతా ఒక్కసారే ఒంపేసింది.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. చుక్కలమ్మ పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి, వీపు మీద చరిచింది. మందూ పాలూ కలిసి బయటపడ్డాయి. పిల్ల కెవ్వుమంది.

అప్పుడే కోడలు పరుగెత్తుకొచ్చింది. ఆమె చూసింది ఆ చరచడమే.

ఎందుకైనా మంచిదని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. "మందు పొలమారిందండీ. అత్తయ్య చేతిలో ఉంది కాబట్టి బతికింది" అని కోడలు చెప్పింది. డాక్టరమ్మ ఛాతీ పరీక్షించి, ఏమీ లేదంది. "ఇంట్లోనే చుక్కలమ్మ ఉంటే నీకేం భయమమ్మా?" అంది. తోటి నర్సులంతా నవ్వారు. చుక్కలమ్మకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా నోరు విప్పలేదు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. కోడలు మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి కళ్ళనీళ్ళతో. "నువ్వు లేకపోతే ఏమైపోయేదమ్మా!" అంటూ కొడుకు ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆమె చేతులు లాక్కుంది.

"ఆపండర్రా. ముక్కు నొక్కి పోశాను. నేనే."

"పోనీలే అమ్మా, కంగారులో..."

"కంగారు కాదురా. విసుగు."

కోడలు వచ్చి అత్తగారి ఒళ్ళోంచి పిల్లను తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నాకెన్నిసార్లు చెప్పారు అత్తయ్యా, అలా పోయొద్దని."

తిట్టినా బాగుండేది.

జ్వరం తగ్గేదాకా మందు కోడలే పోసింది, తలుపు దగ్గరగా వేసి. చుక్కలమ్మ వంటగదిలో నిలబడి పిల్ల గుటక వేసిన చప్పుడు వినిపిస్తేగాని ఊపిరి పీల్చుకునేది కాదు.

తర్వాత ఒకరోజు వార్డులో ఒక తల్లి బిడ్డ ముక్కు నొక్కబోతోంది. చుక్కలమ్మకు అరుపు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. వెళ్ళి పక్కన కూర్చుంది. "అలసిపోయావా? కాసేపు ఇలా ఇవ్వు. ఏడుపు ఆగనీ" అంది. ఆ తల్లి బెదిరిపోయినట్టు చూసింది, తిట్లకోసం ఎదురుచూస్తున్నట్టు. చుక్కలమ్మే తల దించుకుంది.

వానాకాలంలో పిల్లకు దగ్గు పట్టుకుంది. కోడలు మందుసీసా తెచ్చి ఒక్క క్షణం తటపటాయించింది.

"మీరు ఒళ్ళో పట్టుకోండి అత్తయ్యా. నేను పోస్తాను."

చుక్కలమ్మ పట్టుకుంది. సిరంజి ఇమ్మని అడగలేదు.